గోరంత మట్టి

ములుగు రోడ్డు మీద నా షెడ్డు.
డెంటింగ్ అండ్ పెయింటింగ్ అని బోర్డు రాయిస్తే
పెయింటింగ్ వానకు పోయింది.
ముప్పై ఏండ్ల సంది నేను చేసేది ఒక్కటే:
వంగినదాన్ని ముందున్నట్టు చేసుడు.
కొత్తగ చేసింది ఏదీ లేదు.

వెనకింటి నర్సింగం బిడ్డ సమత,
కార్లు గీసే చదువు చదువుతది,
వచ్చి మట్టి కావాలె మామా అన్నది.
"బొమ్మకా?"
"బొమ్మ కాదు, నమూనా."
కంపెనీ మట్టి కిలో ఎంతనో చెప్పింది.
సుత్తె కింద పెట్టి మళ్లీ అడిగిన.

గొర్రెకుంట నుంచి తట్టెడు తెచ్చినం.
ఎండబెట్టి, దంచి,
వాళ్లమ్మకు తెల్వకుండ పిండి జల్లెడల పట్టినం.
కొవ్వొత్తులు కరగబెట్టి, గేర్ ఆయిల్ పోసి
నేను లప్పం కలిపే డబ్బాల కలిపినం.
మొదటి ముద్ద పగిలింది.
రెండోది చేతికంటి ఊడలేదు.
మూడోది, పొద్దుగూకినంక,
ముదురు పాకం లెక్క ఒంగింది.

నా షెడ్డు మూలకు ఒక అంబాసిడర్.
పరకాల దాక కిరాయికి తిరిగిన బండి.
రేపొస్తనని పోయిన ఓనరు
పదకొండేండ్లాయె, రాలే.
దాని మీద కోళ్లు పండుకుంటయి.
సమత అట్టముక్కలు కోసి
దాని భుజానికి ఆనించి గీతలు గీసుకున్నది,
పెండ్లి జాకెట్టుకు దర్జీ కొలిచినట్టు.
అన్నిటినీ పదో వంతుకు దించింది.
"ఈ గుండ్రదనం కావాలె మామా.
ఇప్పటి కార్లన్నీ కోపంగ చూస్తున్నయి."
వెనక భాగం మాత్రం ఆమెదే.
వాడి వాడి అరిగిన సబ్బు లెక్క
గాలి ఆగకుండ జారిపోవాలెనట.

ముందటికొచ్చేసరికి కొట్లాట.
జాలీ పెట్టలేదు.
"కరెంటు బండి. దానికి ఊపిరక్కర లేదు."
నోరు లేని మొఖాన్ని నేనెట్ల చూడాలె?
రెండు రోజులు మాటల్లేవు.
మూడోనాడు పొద్దున వచ్చి చూస్తే
నోరుండే జాగల సన్నటి గీత,
మా నాయనమ్మ తంబాకు బుగ్గన పెట్టి
పెదవులు బిగించినట్టు.
నవ్వొచ్చింది. నవ్వలేదు.

"కండ్లు మూసుకొని తడుము మామా,
చూపుకు దొరకనిది చేతికి దొరుకుతది."
నా మాటే నాకు చెప్పింది.
మూరెడు కారు మీద చెయ్యి పెట్టిన.
బానెట్ దిగింది, లైటు గుంత దాటింది,
ఎడమ రెక్క మీద ఆగింది.
బియ్యపు గింజ మందం కూడ లేదు లోతు.
ఇంకెవలకూ దొరకదు.
నాకు తెలుసు అది ఏందో.

స్టేషన్ ఘన్‌పూర్ కాడ బర్రె తగిలిన సొట్ట.
తెల్లారితే పెండ్లి కిరాయని ఓనరు ఆగం జేస్తే
సగమే లేపి, సగం లప్పంతోని నింపి,
రంగు గొట్టి, పైసలు మొత్తం తీసుకున్న.
ఓనరుకు కనబడలేదు.
ఎండకు కనబడలేదు.
లప్పం ఎప్పుడు కుంగిందో నాకూ కనబడలేదు.
ఈ పిల్ల అట్టముక్కకు దొరికింది.

"అది డిజైన్ కాదు బిడ్డా. నా తప్పు."
అంటుంటేనే చెయ్యి సుత్తె కోసం దేవులాడింది.
సొట్టను లోపటినుంచి కొడితే బయటికొస్తది,
నా చదువంత గంతే.
మట్టికారుకు లోపలెక్కడిది?
నిండ మట్టే.
పెట్టుడు, గీకుడు.

ఆమె వేలు పెట్టి చూసింది. దొరకలేదు.
మళ్ల చూసింది.
"రెండు దిక్కులు ఒక్కతీరు ఉండాలె, మార్కులు పోతయి"
అనుకుంట గోరంత మట్టి తీసి
నా అరచేతిల పెట్టింది.
బొటనవేలుతోని అద్దిన. నున్నగైంది.
ఒక్క క్షణం పని. పైసల్లేని పని.

ఆదివారం ఆ కారు కాజీపేట స్టేషన్‌కు
ఆటోల ఆమె ఒడిల కూసోని పోయింది.
ప్రతి గతుకు కాడ మెల్లగ పొమ్మని
డ్రైవరుకు నాలుగుసార్లు చెప్పిన.

రాత్రి నిద్ర పట్టలే.
కోళ్లను లేపిన, తిట్టుకుంట దిగినయి.
జాకీ ఎక్కించి ఎడమ చక్రం ఊడదీసి
రెక్క లోపటికి భుజం దాక చెయ్యి పెట్టిన.
తుప్పు, సాలెగూడు, ఎండిన బురద.
ఇగో, ఇక్కడ.

సుత్తె చప్పుడుకు
నర్సింగం ఇంట్ల లైటు వెలిగింది.