వెయ్యికి ఒకటి తక్కువ

చిక్కడపల్లిలో, కూరల మార్కెట్ వెనక,
విఠల్‌రావు ప్రెస్సులో పేజీకి పన్నెండు రూపాయలు నాకు.
దేవుడి పుస్తకమైతే పది.
"మిగతా రెండూ పుణ్యం" అంటాడాయన, నవ్వకుండా.

ఈసారి అమ్మవారి వేయి పేర్లు.
తాటికొండ అనసూయమ్మ పోయిన పదకొండో రోజుకి
అయిదువందల కాపీలు కావాలి.
అట్ట లోపల ఆమె ఫోటో,
కళ్ళజోడు మీద ఫ్లాష్ మెరుపు.
చదువు రాదట. విని విని నోటికి పట్టిందట.
కొడుకు కరెంటాఫీసులో లైన్‌మన్.
అడ్వాన్సు లెక్కపెట్టి ఇస్తూ ఒక్కటే అన్నాడు:
"తప్పుల్లేకుండ చూడుండ్రి మేడం. అమ్మ ఊకోదు."

నేను మొక్కను.
మొక్కకుండానే మొదలుపెట్టాను,
పెదవులతో కాదు, స్కేలు అంచుతో.
ఒక్కో పేరు కింద ఆగి
ఒత్తు ఉందా, దీర్ఘం ఉందా,
విసర్గకి రెండు చుక్కలూ ఉన్నాయా అని.
గబగబా పారాయణం చేసేవాళ్ళెవరూ
ఆమెని ఇంత దగ్గరగా చూసి ఉండరు,
చెవి కమ్మ, ముక్కు పుల్ల, గోరు.
ఒకచోట తలకట్టు ఎగిరిపోయింది, పెట్టాను.
ఒకచోట 'శ'కి బదులు 'ష' పడింది, మార్చాను.

చివరి పేజీలో
కంప్యూటర్ వేసిన అంకె
తొమ్మిది వందల తొంభై తొమ్మిది.

మళ్ళీ లెక్కపెట్టాను. అంతే.
విఠల్‌రావు తాళంచెవులు ఆడిస్తూ
"వెయ్యిలో ఒకటి. ఎవరు చూస్తరమ్మా" అన్నాడు.

రామ్‌నగర్ దాకా వాన.
తడిసిన ప్రూఫుల్ని వంటగట్టు మీద పరిచాను.
కుక్కర్ కూతకీ కూతకీ మధ్య ఇరవై పేర్లు.
ఆ ముసలమ్మ నోట్లో ఎప్పుడూ నిండుగా ఉన్న వెయ్యి
నా కాగితం మీద ఎక్కడ తరిగిపోయింది?

మొన్న ఆదివారం గానసభ మినీ హాల్లో
నేను కవిత చదివి దిగాక
శాలువా పెద్దాయన ఒకరు అడిగారు,
"అంతా బాగుంది గానీ, ఇప్పటి కవిత్వంలో భక్తేదమ్మా?"
మైకు కీచుమంది.
నేను మంచినీళ్ళు తాగాను.
ఆ జవాబు ఇంకా బాకీ.

రాత్రి ఒకటిన్నరకి దొరికింది.
ఆరువందల పన్నెండో వరుసలో
ఒకే నమః కింద రెండు పేర్లు,
సెట్విన్ బస్సులో ఒక్క సీటుకి సర్దుకున్న
ఇద్దరాడవాళ్ళలా
భుజం భుజం రాసుకుంటూ.
ఏ అక్షరమూ పోలేదు.
పోయింది నడుమ ఒక నమస్కారం,
కాస్తంత జాగా.

ఎర్రపెన్నుతో సన్నటి నిలువుగీత గీశాను.
ఎందుకో ఊపిరి బిగబట్టాను గీసేటప్పుడు.
పక్కన మార్జిన్‌లో రాశాను: నమః చేర్చాలి.
రాశాక చూసుకుంటే
ఇన్నేళ్ళలో నా చేతిరాతలో
ఆ మాట అదే మొదటిసారి.

పొద్దున ఇలియాస్ నాలుక కరుచుకున్నాడు,
"అరె, ఎంటర్ కొట్టుడు మర్చిన మేడం."
కొట్టాడు.
అంకెలన్నీ ఒక్కో మెట్టు కిందికి దిగాయి
వెయ్యి దాకా.
విఠల్‌రావు పేజీకి పది లెక్కనే ఇచ్చాడు.

అదే బల్ల కింద
నా కవితల ప్రూఫులున్నాయి, మూడు నెలలుగా,
టీ మరకతో, దారం విప్పకుండా.
సాయంత్రం వాటిని తీసి
మొదటి వరుస కింద
స్కేలు పెట్టాను.