తరుగు

ఇరవై రెండేళ్లుగా దడవాయిని.
గుంటూరు యార్డులో నా కాటా ఎక్కని ఊరు లేదు,
ఎక్కనివాణ్ణి నేనొక్కణ్ణే.

కొత్తపేట ఆసుపత్రిలో
గాజుపలక మీద నిలబెట్టింది షాహీన్ అనే పిల్ల.
తొంభై నాలుగు.
"చెప్పులు తియ్యలేదమ్మా" అన్నాను.
సంచికింత అని కొట్టేసే అలవాటు నాది.
ఆ పిల్ల నవ్వలేదు, చీటీ రాసింది:
రోజుకి పదహారు వందల కేలరీలు,
గంట నడక, ఒక్క కప్పు అన్నం,
గుడ్డులో తెల్లది తిని పచ్చది తీసెయ్యాలి.

కేలరీ కంటికి కనపడదు గానీ
లెక్కంటే నాకు భయమా!
తక్‌పట్టీ పుస్తకం వెనక నిలువుగీత గీశాను.
ఎడమ పక్క జమ, కుడి పక్క ఖర్చు.
అరండల్‌పేటలో ఒక మిరపబజ్జీకి
స్టేడియం చుట్టూ నాలుగు రౌండ్లు.
లాలాపేట మాల్‌పూరీ సగం ముక్కకి
బ్రాడీపేట లైన్లన్నీ ఒక చివర్నించి ఇంకో చివరకి,
ఆయాసం అదనం.
గోంగూరలో నూనెని మాత్రం ఎట్లా తూయాలి?
"గరిటె నా చేతిలో ఉంది, కాటా మీ చేతిలో ఉంది,
ఎవరి పని వాళ్లు చేద్దాం" అంది హైమావతి.

మొదటి వారం కిలోన్నర పోయింది.
రెండో వారం గుండుసున్నా.
మూడో వారం నరసరావుపేటలో పెళ్లి,
ఆ సంగతి వదిలెయ్యండి.
నడిచాను కదా అని తిన్నాను,
తిన్నాను కదా అని నడిచాను,
జమా ఖర్చూ ఒకదాన్నొకటి తరుముకుంటూ
స్టేడియం చుట్టూ నా వెంటే తిరిగాయి.

యార్డు ఖాళీ అయ్యాక నేను కాటా ఎక్కితే
అంకె చదివేవాడు ఏసోబు,
నలభై ఐదు కిలోల టిక్కీని
మెడ మీద వేసుకుని ఉరికే మనిషి.
"రెండు టిక్కీలు దడవాయి గారూ,
పైన నాలుగు కిలోలు తాలు."
ఘాటుకి ఇద్దరం తుమ్మి, తుమ్ముల మధ్య నవ్వేవాళ్లం.

ఓ శనివారం సరదాకి అతన్ని ఎక్కమన్నాను.
యాభై నాలుగు. రాసుకున్నాను, చెయ్యి ఊరుకోదు కదా.
పై శనివారం యాభై రెండున్నర.
ఆ పైది యాభై ఒకటి.
చీటీ లేకుండా, నడక బూట్లు లేకుండా
నాకన్నా బాగా తగ్గుతున్నాడు.
ముందు కుళ్లుకున్నాను. నిజమే చెబుతున్నా.
తరవాత వినపడింది దగ్గు.
ఘాటుకొచ్చే దగ్గు కాదది.
ఎన్నాళ్లనించి దగ్గుతున్నాడో
నా పుస్తకంలో లేదు.

కాయ ఆరితే తరుగు రాస్తాం.
మనిషి ఆరిపోతుంటే
ఎవరి పట్టీలో రాయాలి?

పెద్దాసుపత్రిలో అతనికీ చీటీ ఇచ్చారు:
ఆరు నెలలు మాత్రలు,
గుడ్లు, పాలు, వేరుశెనగలు,
బరువు మొయ్యకూడదు.
మెట్ల మీద కూర్చుని అడిగాడు ఏసోబు
"బరువు మొయ్యకపోతే
బరువెట్లా పెరుగుతా?"
ఇంత లెక్కగాణ్ణి, నా దగ్గర జవాబు లేదు.

ఆ రాత్రి పళ్లెంలో పచ్చసొన పక్కకి తీస్తూ
ఇవి ఏసోబుకి పంపితే, అనుకున్నాను.
అనుకున్నందుకు ముద్ద దిగలేదు.
తెల్లారి ఒక అట్ట గుడ్లు కొన్నాను,
పెంకుతో, నిండుగా.

ఇప్పుడు నా గంట నడక
యార్డు గేటు నుంచి ఏటుకూరు రోడ్డులో వాళ్లింటి దాకా.
చేతిలో గుడ్ల అట్ట ఉంటే
వేగంగా నడవలేం,
షాహీన్‌కి చెప్పలేదు.
పోయిన వారం సలోమి పళ్లెం పెట్టింది.
వేడన్నం, ఎండుచేపల పులుసు.
కప్పుతో కొలవలేదు ఆవిడ.
నేను పుస్తకం తియ్యలేదు.

నిన్న ఇద్దరం కాటా ఎక్కాం.
అతను ఆరు వందల గ్రాములు పెరిగాడు.
నేను నాలుగు వందలు.
"తేమలే దడవాయి గారూ,
ఎండలో పోస్తే పోద్ది" అన్నాడు.