అవతలి గట్టు

ఫోక్‌స్టన్‌లో మబ్బు పట్టని రోజు
లాండ్రీ వెనక తలుపు తీస్తే
సముద్రం చివర సున్నపు గీత ఒకటి కనిపిస్తుంది.
అది ఫ్రాన్స్, అంది డొరోటా,
దుప్పటి రెండో అంచు నా చేతికిస్తూ
పక్కింటి పెరడు చూపించినంత తేలిగ్గా.

మా బారువ సముద్రానికి అవతలి గట్టు లేదు.
పడవలు వెళ్ళేవి, వచ్చేవి,
ఎక్కడికీ చేరేవి కావు.
సముద్రమంటే ఒకవైపే ఉంటుందని
నలభై ఒక్కేళ్ళు నమ్మినదాన్ని.

టీ వేళకి గులకరాళ్ళ మీద కూర్చుంటే
జేబులో ఫోను గుర్రుమంటుంది:
ఫ్రాన్స్‌కు స్వాగతం.
గడియారం తనంతట తనే గంట ముందుకు దూకుతుంది.
నాకన్నా నా ఫోనే నయం,
ఎవర్నీ అడక్కుండా పోయి
టీ అయ్యేసరికి తిరిగొస్తుంది.

నేను అడగాలి.
మూడు నెలల బ్యాంకు కాగితాలు, జీతం చీటీలు,
ఆరు రాత్రుల గదికి రసీదు, తిరుగు టికెట్టు,
పోతే శవాన్ని వెనక్కి పంపడానికి బీమా.
ఇంకా వెళ్ళనేలేదు,
వచ్చేస్తానని ఎన్ని సాక్ష్యాలో!
ఈ దేశంలో నాకున్నదీ వీసాయే,
ఒక అద్దింటి తాళం చూపించి
ఇంకో ఇంటి తలుపు తట్టడం.

మేనేజరు ఉత్తరం ఇచ్చాడు:
"ఈమె సెలవు తర్వాత పనిలోకి వస్తుంది."
ఆరేళ్ళలో నా గురించి
ఎవరైనా రాసిన మొదటి వాక్యం.
రెండుసార్లు చదువుకున్నాను.

ప్రయాణ కారణం?
వ్యాపారం, చదువు, వైద్యం, బంధువులు...
అక్కణ్ణుంచి ఇక్కడ ఎలా కనిపిస్తుందో చూడ్డానికి
అనే గడి లేదు.
పర్యటన దగ్గర టిక్కు పెట్టాను.
నేను టూరిస్టునట!
లండన్ రైల్లో ఒక్కదాన్నే నవ్వుకున్నాను.

"మిస్ కొచ్చెర్ల!" అని పిలిచింది కౌంటరు అమ్మాయి.
ఇంటిపేరు లేచి ముందు నడిచింది,
దాని వెనక హైమావతి.
గాజు పలక మీద నాలుగు వేళ్ళు పెట్టమంది. ఎర్ర దీపం.
తుడుచుకుని పెట్టమంది. ఎర్ర దీపం.
బ్లీచు, వేణ్ణీళ్ళు, రోజుకి నాలుగొందల దుప్పట్లు.
నా వేళ్ళ గీతలు ఎప్పుడు జారిపోయాయో,
ఏ హోటలు తెల్లదనంలో కలిశాయో,
నాకే తెలీదు.
"ఏం పని చేస్తారు?" అని అడిగి
జవాబు రాకముందే
సొరుగులోంచి తన క్రీము తీసి
ఒక్కో వేలూ పట్టుకుని రాసింది,
గోరింటాకు పెట్టినట్టు.
ఏడోసారికి పచ్చ దీపం.

ఆరు రోజులు. ఒక్కసారే ప్రవేశం.
ఆ ఊరి పేరు కలే.
తెలుగులో చెబితే ఎవరూ నమ్మరు.
కోటలు చూళ్ళేదు, ఫొటోలు దిగలేదు.
గట్టున కూర్చుని ఇటే చూశాను.
తెల్ల కొండల పక్కన
మా లాండ్రీ గొట్టం కోసం వెతికాను.
ఏదో ఆవిరి. మబ్బే అయుండొచ్చు.
అయినా డొరోటాకి చెయ్యూపాను.
ఆ సంగతి తనకి ఇంతవరకూ చెప్పలేదు.

ఈ ఏడు మళ్ళీ అడిగాను.
ఈ వీసాకి రెన్యూవలంటూ ఉండదు,
ప్రతిసారీ మొదట్నుంచీ పుట్టాల్సిందే.
అవే కాగితాలు, కొత్త తారీఖులు.
వారం ముందు నుంచీ గ్లౌజులు తొడుక్కుని,
రాత్రిళ్ళు కొబ్బరినూనె రాసుకుని,
వేళ్ళని పరీక్షకెళ్ళే పిల్లల్లా తయారుచేసి తీసుకెళ్ళాను.
ఈసారి కౌంటర్లో ఎవరో కుర్రాడు,
తల ఎత్తకుండానే అన్నాడు:
"అక్కర్లేదు. మీ వేళ్ళు మా దగ్గరున్నాయి."

తిరుగు రైల్లో చేతులు ఒళ్ళో పెట్టుకుని చూసుకున్నాను.
ఇస్త్రీ చేసిన దుప్పట్లలా నున్నగా ఉన్నాయి.
ఇక్కడ చెరిగిపోయిన గీతలు
అక్కడెక్కడో, ఏ బీరువాలోనో,
తిరుగు టికెట్టు అడిగేవాళ్ళు లేకుండా
కాపురముంటున్నాయి.

వీసా వచ్చిందా అంటారా?
ఇంకా లేదు.
నిన్న మబ్బు. ఇవాళా మబ్బే.
ఫోను మాత్రం గంట ముందుంది.