ఐదు థౌ

పాత ఇత్తడి కింద తూకానికి పోతుంటే
సంతపేటలో ఆపి కొన్నాను ఈ కన్నును.
తొమ్మిది వందల గ్రాములు.
గురునాథం స్టూడియోలో
మూడు తరాల చిత్తూరును చూసిందంటారు:
హాల్‌టికెట్ల మొహాలు,
పెళ్లిచూపులకు పంపిన పక్కచూపులు,
పాల డెయిరీలో ఉద్యోగం వచ్చిన రోజు
కొత్త చొక్కా మీద విప్పని మడతలు.
లోపల, అద్దం అంచున,
బూజు వేరు తన్నింది సన్నగా,
మెంతిమొలకంత.

నా దగ్గరున్నది కొత్త పెట్టె.
నొక్కితే నాలుకలాగా కాగితం చాపుతుంది.
నెగెటివ్ లేదు, రెండో కాపీ లేదు.
డబ్బాకు ఎనిమిది కాగితాలు,
ధర చెబితే మా అమ్మ ఇప్పటికీ నమ్మదు.
ఆ కన్ను ఈ పెట్టెకు అతకాలంటే
నడుమ ఒక రింగు కావాలి.

గ్రీమ్స్‌పేటలో లేత్ ఏకాంబరం
చెరుకు గానుగలకు బుష్షులు చేస్తాడు.
లెన్సును అరచేతిలో తిప్పి,
పుచ్చకాయను తట్టినట్టు తట్టి,
"కొలత ఏది మా?" అన్నాడు.
నా దగ్గర కొలత లేదు.
"దూరంగా ఉన్న కొండ కనపడాల" అన్నాను.
నవ్వలేదు.
చాక్‌పీసుతో గోడ మీద రాసుకున్నాడు:
కొండ.

మధ్యాహ్నానికి రింగు వచ్చింది, వేడివేడిగా,
అంచుకు ఇంకా ఇత్తడి పొట్టు చుట్టుకుని.
ట్రేసింగ్ కాగితం మీద లోకం తలకిందులు.
లారీలు ఆకాశాన్ని పట్టుకుని పోతున్నాయి.
ఏకాంబరం పైనుంచి వేలాడుతూ టీ తాగుతున్నాడు,
ఒక్క చుక్క కారలేదు.
మురకంబట్టు వైపు గుట్ట మాత్రం
నూనె రాసినట్టుంది.

"దూరపు కొండలు నునుపే గదన్నా" అన్నాడు
పనికుర్రాడు సాదిక్.
"అది సామెత గాదురా, ఫోకస్ తప్పు"
అంటూ రింగును మళ్లీ చక్‌లో బిగించాడు.
పడుకున్న ఎనిమిది గుర్తు దగ్గర
కొండ గరుకుగా రావాలి.
తుమ్మముల్లుతో సహా రావాలి.
ఐదు థౌ తీశాడు.
ఐదు థౌ అంటే ఎంత?
"వెంట్రుకంత మా. నీది గాదు, గుర్రానిది."

గుట్ట మీద బండలు ఒక్కొక్కటే విడివడ్డాయి.
మేకలు కూడా ఉన్నాయి.
పొద్దుటినుంచీ ఉన్నాయట.

మే నెల. మొదటి కాగితం
తోతాపురి గుజ్జు రంగులో వచ్చింది,
కొండా లేదు మేకా లేదు.
రెండోదీ అంతే.
మూడోదాన్లో నా బొటనవేలు.
సాదిక్ పెట్టెను నా చున్నీలో చుట్టి
రోజ్‌మిల్క్ బండి ఐసు పక్కన
అరగంట కూర్చోబెట్టి తెచ్చాడు.

కూలి వద్దన్నాడు ఏకాంబరం.
"ఒక ఫొటో ఇయ్యి చాలు."
కూర్చోమంటే కూర్చోలేదు.
లేత్ పక్కన నిలబడి దాని మీద చెయ్యేశాడు,
సంతలో కొన్న ఎద్దు మీద వేసినట్టు.

తెల్ల కాగితం.
ఎండ తగలకూడదంటే
చొక్కాలోపల పెట్టుకున్నాడు, కోడిపిల్లను దాచినట్టు.
ఊపొద్దన్నాను. ఊపిరి కూడా తగ్గించాడు.
లేత్ ఆగితే తెలిసింది
గ్రీమ్స్‌పేటలో ఇన్ని కాకులున్నాయని.

ముందు నీడలు వచ్చాయి. తర్వాత లేత్.
మనిషి అందరికంటే ఆఖరున,
ఇంటికి వచ్చినట్టే.
ఎడమచేతి ఉంగరపు వేలు,
తొంభై ఆరులో చక్ తినేసిన చోట,
బూజు పట్టిన మూల వెలుగు పాలలా ఒలికింది.
వేలు ఉందో లేదో
ఫొటో చెప్పడం లేదు.

"ఇంకోటి తియ్యొచ్చా, ఇట్లాంటిదే?"
"ఇట్లాంటిది రాదు."
చాలాసేపు చూశాడు.
"ముప్పై ఏండ్లుగా వెయ్యి బుష్షులూ ఒకే మాదిరి చేసినా మా.
తేడా వస్తే తిరిగొచ్చేస్తాయి."
మైక్రోమీటరు పెట్టెలో
పచ్చ వెల్వెట్ మీదినుంచి మైక్రోమీటరును తీసి
బల్ల మీద పెట్టాడు.
ఫొటోను దాని చోట పడుకోబెట్టాడు.

ఇంకా నాలుగున్నాయి కాగితాలు.
దాటిపోతుంటే రోజ్‌మిల్క్ కుప్పమ్మ పిలిచింది:
ఐసుకు బాడుగ ఇయ్యవా పాపా?
చిల్లర తీశాను.
డబ్బులు ఎవరడిగినారు అంది.
కొప్పు అప్పటికే సవరించుకునుంది.