సూటు

బత్తాయి తోటల మా రేకుల కొట్టం మీద
ఒకటే పలక. నూట అరవై వాట్లు.
పిట్ట రెట్టేస్తే ఆ పూట కొంచెం తక్కువ.

కింద బ్యాటరీ. సెల్ టవరోళ్లు పక్కకు పెట్టిన పాతది,
దేవరకొండల మూడున్నర వేలకు బేరమాడి తెచ్చిన.
దించేటప్పుడు నడుము పట్టింది,
ఇప్పటికీ వంగితే దాని బరువు యాదికొస్తది.

దాని పక్కన ఇన్వర్టర్ డబ్బా.
ఏం నడవకున్నా గుయ్యిమంటనే ఉంటది.

ఒక బల్బు, రెండు ఫోన్లు,
మా మామ రామలింగం చెవి మిషను:
రాత్రికి మా ఖర్చు గింతే.
అయినా కోడి కూయకముందే
ఎర్రలైటు, కీక్ కీక్ అని మొత్తుకోలు.

ఓనాడు సైదమ్మ డబ్బా మీద చెయ్యి పెట్టి
"ఇదెందుకు వెచ్చగున్నది?" అన్నది.
"పని చేస్తున్నది గదా."
"ఎవరి పని?"

చెప్పిన.
బ్యాటరీల పన్నెండు ఓల్టులు,
డబ్బా దాన్ని రెండువందల ముప్పై చేస్తది,
చార్జరు మళ్ల ఐదుకు దించుతది.

"అంటే మన కాయ పట్నం పోయి, రేటెక్కి,
తిరిగి మల్లేపల్లి అంగట్ల మనమే కొన్నట్టు.
నడుమ వీడు తినేదెంత?"

మీటరు పెట్టి చూసిన.
చెవి మిషను తినేది ఒక్క వాటు.
డబ్బా ఉత్తగ కూసోని తినేది పద్నాలుగు.

ఆమె కాసేపు మాట్లాడలే.
"టన్నుకు క్వింటాలు సూటు తీసే ఆ సేటు
వీనికన్న నయం" అన్నది.

ఫోన్లు బాగుచేసే ఖాజా దగ్గర
బొటనవేలంత పలక దొరికింది,
పన్నెండును సీదా ఐదు చేసేది.
మొదటిది తీగలు తారుమారై మాడింది,
అరవై రూపాయల వాసన
కొట్టం నిండా తెల్లారేదాక.
రెండోదానికి ముందు ఫ్యూజు పెట్టిన, తర్వాతే దండం పెట్టిన.

ఆ రాత్రి డబ్బా మీట కిందికేసినం.
ఎంత నిశ్శబ్దమంటే
డ్రిప్పు పైపుల చుక్క చుక్కా
చెట్టు పేరు చెప్పి పడుతున్నట్టు.

పొద్దున మామ మిషను చెవిల పెట్టుకొని
అట్లనే మంచం మీద కూసుండి పోయిండు.
"ఆ గుయ్యిమనుడు ఏమాయెరా?
రెండేండ్ల సంది నా చెవి రోగమనుకున్న."

డబ్బానైతే పారెయ్యలే.
మిక్సీకి అదే కావాలె.
ఐతారం పల్లీల పచ్చడి తిరిగినంతసేపు
మామ మిషను తీసి జేబులేసుకుంటడు.