కుడి హబ్

డాన్ ఎలెవుతెరియో కొట్లో
మాతే గిన్నె పక్కకి జరిపి
మూడు జతలు పెట్టాడు నా ముందు.
బయట ఐసెన్ గాలి
అప్పులవాడిలా రేకుతలుపు బాదుతోంది.

మొదటిది ఉత్త మూత. మీటా లేదు, మాటా లేదు.
చక్రం తిరిగినంతసేపూ లోపల ఇరుసూ తిరగాల్సిందే,
బురదలోనైనా, తారురోడ్డు మీదైనా,
పెళ్ళికి వెళ్తున్నా.
"చవక. పెట్రోలు తాగుతుంది, స్టీరింగు బరువెక్కుతుంది," అన్నాడు.
వెయ్యి సీసీ కూడా లేని నా సుజుకీకి
అంత నిష్ఠ ఎందుకులే.

రెండోది ఆటోమేటిక్.
లోపల గేరు లాగితే తనే పట్టుకుంటుంది.
వదలాలంటే నాలుగు గజాలు వెనక్కి నడపాలి, అంతే.
దిగక్కర్లేదు. బూటు తడవదు.
డాన్ ఎలెవుతెరియో నా మొహం చూడలేదు,
మోకాళ్ళు చూశాడు.
"వాటినడగండి డాక్టరమ్మా, ఏది కావాలో."

నిటారు దిగుడులో ఇంజను బిగబట్టినప్పుడు
ఇది పట్టు వదిలేసి మళ్ళీ తడుముకుంటుందని
ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు.
ఆ అరక్షణం ఎంత పొడుగో
నదివైపు దారికి బాగా తెలుసు.

మూడోది ఇనుము. అరచేతి నిండా బరువు.
నా పాతవాటికి ప్లాస్టిక్కు మీట,
పోయిన జూన్ మంచులో బిస్కట్టులా విరిగింది.
దీన్ని తిప్పి చూశాను.
టక్.

యస్నా గుర్తొచ్చింది.

ఎడమది నాది, కుడిది తనది.
నాలుగు శీతాకాలాలు అదే ఒప్పందం.
బురద కనబడగానే రెండు తలుపులూ ఒకేసారి తెరుచుకునేవి.
"తిప్పావా?"
"తిప్పా."
వెనకసీట్లో గొర్రెల టీకాల డబ్బా గడగడలాడేది.

ఒకసారి వాగులో దిగబడ్డాం.
ఇంజను అరుస్తోంది, బండి కదలదు,
జోడెడ్లలో ఒకటి పడుకున్నట్టు.
ఒకవైపే బిగిస్తే ముందు ఇరుసు బలమంతా
ఖాళీగా తిరిగే రెండోవైపుకే పోతుంది,
నీళ్ళు పల్లానికి పోయినట్టు.
"తిప్పలేదు నువ్వు."
"తిప్పాను."
మోకాలిలోతు చలినీళ్ళలో,
టీకాల చుట్టూ ఐసు కరిగిపోతుంటే
అరగంట పోట్లాడుకున్నాం.

తిప్పింది, నిజమే.
నేను బండి తోకవైపు తిప్పడం చూసి
తనూ తోకవైపే తిప్పింది.
కుడిపక్క అది విడుపు.
మీటల మీద అక్షరాలు అరిగిపోయి ఏడాదైంది.
చెప్పాల్సినదాన్ని నేను.

ఆ సాయంత్రం, ఒక్క మాటైనా లేకుండా,
తన ఎర్ర గోళ్ళరంగు సీసా తీసి
బిగింపు ఎటో అటు
రెండింటి మీదా చుక్క పెట్టింది.

ఇప్పుడు సముద్రపొడ్డున సాల్మన్ ఫ్యాక్టరీలో ఉంది.
నెలజీతం, వెచ్చటి గది.
వెళ్ళమని అన్నది నేనే.

"మూడోదే ఇవ్వండి."
"అది ఇద్దరి పని."
"ఇద్దరిదే."
ఇంకేం అనకుండా లోపలి పళ్ళు లెక్కపెట్టి చూసి,
పాత పేపర్లో చుట్టి,
గ్రీజు ట్యూబొకటి ఊరికే పడేశాడు.
మా ఊళ్ళో ఊరికే వచ్చేవి గాలి, సలహా.
ఇది మూడోది.

మర్నాడే మొదటి బురద.
దిగాను. ఎడమ, టక్.
వేడి బానెట్ మీద చెయ్యేసి
బండి ముక్కు చుట్టూ అర ప్రదక్షిణ,
పదకొండు అడుగులు.
ఐదో అడుగు దగ్గర మోకాలు ఏదో అంది.
కుడి. వేళ్ళు జారాయి. మళ్ళీ. టక్.

"తిప్పావా?" అన్నాను పైకే.
గాలి ఆ మాటని గొర్రెలవైపు మోసుకుపోయింది.

కొత్తవాటి మీద చుక్క లేదింకా.
ఊళ్ళో గోళ్ళరంగు
ఎక్కడమ్ముతారో
ఇన్నేళ్ళకీ నాకు తెలియదు.