ఏడో మెట్టు

హోల్గెర్ చేపల పెట్టె మోసుకొచ్చాడు.
లోపల చేపల్లేవు.
పాత ఉన్ని స్వెట్టర్లో చుట్టిన మేపుల్ మెడ,
కాఫీ డబ్బాలో నాలుగు బిరడాలు,
సీలు తియ్యని పికప్‌లు రెండు,
అడుగున, రంగు ఎరగని ఆల్డర్ దేహం,
దాని నడుము మీద పక్కపక్కనే
రెండు వంకర బెజ్జాలు.

"అవి నేనే వేశాను" అన్నాడు,
తప్పు ఒప్పుకునే గొంతుతో కాదు,
ఓడ ఇంజన్ గదిలో మాట్లాడే గొంతుతో.
షాపు కిటికీ అద్దం అదిరింది.

ముప్పై ఒక్క ఏళ్లు
గోథెన్‌బర్గ్ రేవు నుంచి అవతలి ఒడ్డుకి
రాత్రి పడవల అడుగు అంతస్తులో డీజిల్ రొద.
కుడి చెవి పూర్తిగా పోయింది.
ఎడమది సెలవులో ఉందట,
అప్పుడప్పుడు వచ్చి వెళుతుందట.

మూడేళ్లుగా జీతం రోజున ఒక్కో వస్తువు కొన్నాడు,
ముందు బిరడా, ఆ తర్వాతే బంగాళాదుంపలు.

గున్వర్ కాగితం తీసింది.
రంగు? "మీ ఇష్టం."
తీగలు? "లావువి."
ధ్వని ఎలా ఉండాలి?
చొక్కా బొత్తాల మధ్య పిడికిలి ఆనించి
"ఇక్కడికి రావాలి" అన్నాడు.
ఆ గడిలో ఏం రాయాలో తోచక
ఆవిడ ఒక పక్కటెముక బొమ్మ గీసింది.

నేను పనిలో చేరి అప్పటికి ఐదు నెలలు.
బెజ్జాలు పూడ్చడం నా వంతు:
చిన్న చెక్కముక్క, జిగురు, రాత్రంతా బిగింపు,
పొద్దున్నే ఉలి.
చార కలవాలి అబ్బాయ్, అనేది గున్వర్,
కలవకపోతే అతుకు జీవితాంతం చాడీలు చెబుతుంది.
వీపు మాత్రం ఆవిడే తొలిచింది,
హోల్గెర్‌ని నిలబెట్టి, ఛాతీ మీద మట్టి అద్ది అచ్చు తీసి,
ఆ ఉబ్బుకి సరిపడా లోతు.
వార్నిష్ వద్దంది. నూనె చాలు, మూడు పూతలు.
మార్చి నెలంతా వాన, పూత ఆరనంది.

తీగలు బిగించిన రోజు
ఏడో మెట్టు దగ్గర చిన్న జరజర,
ఈగ అద్దానికి కొట్టుకున్నట్టు.
"ఆయనకెలాగూ వినబడదుగా" అన్నాను.
చెవిటివాడి ముందు శంఖం, అని కూడా అన్నాను, నవ్వుతూ.
గున్వర్ నవ్వలేదు, కోప్పడలేదు.
ఆకురాయి నా చేతిలో పెట్టి
కాఫీ కాచుకోవడానికి వెళ్లింది.

తప్పు ఏడోది కాదు.
దాని పక్కన ఎనిమిదోది, వెంట్రుకవాసి ఎత్తు.
నలభై నిమిషాలు.

శుక్రవారం వచ్చాడు.
ఆంప్ పెట్టబోతే వద్దన్నాడు.
స్టూలు మీద కూర్చుని, బాస్‌ని నిలువుగా ఒంటికి అదుముకుని,
తల వంచి
పై కొమ్ము చివర పళ్ల మధ్య పట్టాడు.
కొరికాడు. నిజంగానే.
రెండు వారాలు నూనె పట్టించిన చెక్క!
నేను లేవబోయాను,
గున్వర్ చెయ్యి నా భుజం మీద పడింది.

అన్నిటికంటే లావు తీగ మీటాడు.
మాకు దాదాపు ఏమీ వినబడలేదు,
కరెంటు లేని బాస్ ఎంతని మాట్లాడుతుంది.
ఆయన కనుబొమలు పైకి లేచాయి,
ఎవరో తలుపు తట్టినట్టు.
ఒక్కో మెట్టూ ఎక్కుతూ పోయాడు.
ఏడు దగ్గర ఆగి, రెండుసార్లు మీటి,
ఎనిమిదికి వెళ్లిపోయాడు. అంతే.

బిల్లు దగ్గర పేచీ పెట్టాడు,
"పూడ్చినందుకు నూట ఇరవై క్రోనర్లా?"
"నువ్వు వెయ్యకపోతే ఉచితం" అంది గున్వర్.
గ్యారంటీ కాగితంలో
'గాట్లకు, గీతలకు వర్తించదు' అన్న వాక్యం
పెన్నుతో కొట్టేసి సంతకం చేసింది.

చేపల పెట్టె మర్చిపోయాడు.
దాంట్లో ఇప్పుడు చిత్రికపొట్టు పోస్తున్నాం.

ఆ సాయంత్రం ఎవరూ లేనప్పుడు
మరమ్మతుకొచ్చిన ఎవరిదో బాస్
నేనూ కొరికి, తీగ మీటాను.
ముందు వార్నిష్ చేదు.
తర్వాత దవడలోంచి ఏదో నడిచొచ్చి
చెవి వెనకాల
చోటు చూసుకుని కూర్చుంది.